జూలైలో మంచు ఆటవాళ్లు

చికాగోలో జూలై నెలాఖరు వచ్చిందంటే సరస్సు గాలి కూడా చెమట ఆరబెట్టలేదు. 2013లో అలాంటి ఒక రోజున మా అమ్మాయి చెయ్యి పట్టుకుని మిషిగన్ ఎవెన్యూలోని హిల్టన్ హోటల్లో అడుగుపెట్టాను. లోపల ఎటు చూసినా ఎరుపే. మంచు మీద ఆడేవాళ్ల కోసం కుట్టిన దళసరి బట్ట, పొడుగు చేతుల జెర్సీలు. అవి వేసుకుని ముసలివాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, కాలేజీ కుర్రాళ్లు మెట్ల మీదా, తివాచీ మీదా, గోడల వారా చేరగిలబడి ఉన్నారు. పెళ్లివారి విడిదిల్లు గుర్తొచ్చింది. కాకపోతే ఇక్కడ అందరూ ఒకే వైపు వాళ్లు.

అది చికాగో బ్లాక్‌హాక్స్ ఐస్ హాకీ జట్టు అభిమానుల వార్షిక సదస్సు. మూడు రోజుల మహాసభలంటే ఏమిటో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా మొదటి సభ జరిగిన నాటినుంచీ మనవాళ్లు హోటళ్లలో, కన్వెన్షన్ సెంటర్లలో కలుసుకుంటూనే ఉన్నారు. అభిమాన సంఘాలూ మనకి కొత్త కాదు. నేను పెరిగిన తెనాలిలో కొత్త బొమ్మ పడిన రోజు హాలు ముందు కట్టే తోరణాలు చూస్తే ఊళ్లో ఎవరింట్లోనో శుభకార్యం అనుకోవాల్సిందే. అయినా ఈ సదస్సు గురించి మన సంఘం సంచికలో రాయాలనిపించింది. తనవాళ్లని చేజేతులా దూరం చేసుకున్న ఒక సంస్థ వాళ్లని మళ్లీ ఎలా ఇంటికి పిలుచుకుందో ఇందులో ఉంది. పిలిచాక ఎక్కడ తడబడిందో కూడా ఉంది.

ఆట తెలియనివారికి నాలుగు మాటలు చెబుతాను. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు గచ్చు. ఒక్కో జట్టు నుంచి గోల్ కాచే గోలీతో కలిపి ఆరుగురు దిగుతారు. బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. పక్ అంటారు. మూడంగుళాల అడ్డం, అంగుళం మందం. ఎగిరెగిరి పడకుండా ఆటకి ముందే దాన్ని గడ్డకట్టేలా చల్లబరుస్తారు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. అక్టోబరులో మొదలైన సీజను జూన్‌లో విజేత జట్టుకిచ్చే స్టాన్లీ కప్పు ఫైనల్‌తో ముగుస్తుంది. కాబట్టి ఆటగాళ్లకి తీరిక దొరికేది నడివేసవిలోనే. మంచు ఆటవాళ్ల పండగ ఎండల్లో రావడానికి కారణం అదే.

ఇక అసలు సంగతి.

బ్లాక్‌హాక్స్ 1926లో పుట్టిన జట్టు. 1961లో స్టాన్లీ కప్పు గెలిచింది. ఆ తరవాత 49 ఏళ్లు కప్పు మొహం చూడలేదు. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉండేది. సొంత ఊళ్లో జరిగే ఆటల్ని ఊళ్లోవాళ్లకి టీవీలో చూపించేవారు కాదు. 1966 నుంచి క్లబ్బుని నడిపిన బిల్ వర్ట్జ్ వాదన ఒక్కటే: డబ్బు పెట్టి సీజను టికెట్టు కొన్నవాడికి, ఇంట్లో ఊరికే కూర్చుని చూసేవాడికి తేడా ఉండాలి. లెక్క ప్రకారం అది సబబుగానే కనిపిస్తుంది. కానీ ఒక తరం పిల్లలు ఆ జట్టుని చూడకుండానే పెద్దవాళ్లయ్యారు. చూడని ఆటకి అభిమాని ఎలా పుడతాడు? మైకెల్ జోర్డన్ ఆడిన బుల్స్ బాస్కెట్‌బాల్ జట్టుదీ, బ్లాక్‌హాక్స్‌దీ ఒకటే స్టేడియం, ఒకటే ఊరు. ఒకరి పేరు ప్రపంచమంతా తెలుసు, ఇంకొకరిది పక్కవీధికి తెలియదు. 2004లో ఈఎస్‌పీఎన్ అమెరికా ప్రొఫెషనల్ క్రీడా జట్లన్నిటికీ ర్యాంకులిస్తే, అట్టడుగున నిలిచింది బ్లాక్‌హాక్సే. 2006–07 సీజనులో ఇరవై వేల దాకా పట్టే యునైటెడ్ సెంటర్‌కి సగటున 13 వేల మంది కూడా రాలేదు.

2007 సెప్టెంబరులో బిల్ వర్ట్జ్ చనిపోయాడు. అక్టోబరులో సొంతగడ్డ మీద మొదటి ఆటకి ముందు ఆయనకి నివాళి అర్పిస్తుంటే జనం బూ అని అరిచారు. పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదని పెరిగినవాళ్లం మనం. అది చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. తరవాత ఆలోచిస్తే అర్థమైంది. పరాయివాడి మీద అంత కోపం రాదు. తలుపు వేసింది సొంత ఇంటివాళ్లయితేనే వస్తుంది.

కొడుకు రాకీ వర్ట్జ్ పగ్గాలు పట్టాడు. కొద్ది వారాల్లోనే సొంత ఊరి ఆటలు కొన్నింటిని టీవీలో చూపించడం మొదలుపెట్టి, మరుసటి సీజనుకల్లా అన్నీ చూపించాడు. తండ్రితో మాటపట్టింపులు వచ్చి దూరమైపోయిన పాత మహామహుల్ని, బాబీ హల్, స్టాన్ మికీటాలాంటి వాళ్లని, జట్టు రాయబారులుగా తిరిగి పిలిచాడు. చికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు నుంచి జాన్ మెక్‌డొనాని తెచ్చుకున్నాడు. 1986లో కబ్స్ అభిమానుల సదస్సుకి ప్రాణం పోసినవాడాయన. శీతాకాలంలో, ఆటలు లేని రోజుల్లో, అభిమానుల్నీ ఆటగాళ్లనీ ఒక హోటల్లో కలిపి కూర్చోబెడితే ఏం జరుగుతుందో అప్పటికే ఇరవయ్యేళ్లు చూసినవాడు. అదే పద్ధతిని హాకీకి తెచ్చాడు.

2008 జూలై 18 నుంచి 20 దాకా మొదటి బ్లాక్‌హాక్స్ సదస్సు జరిగింది. నేషనల్ హాకీ లీగ్‌లో ఏ జట్టూ అంతకుముందు ఇలాంటిది చేయలేదు. తొమ్మిది నెలల క్రితం తండ్రి పేరు వింటే బూ అని అరిచిన ఊరు కొడుకు వేదికెక్కగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ వారాంతానే ఇరవయ్యేళ్ల జొనాథన్ టేవ్స్‌ని కెప్టెన్ చేశారు. ఆ కుర్రాడే రెండేళ్ల తరవాత, 2010 జూన్ 9 రాత్రి ఫిలడెల్ఫియాలో కప్పు ఎత్తాడు. కప్పు తెచ్చిన ఆఖరి గోలు ప్యాట్రిక్ కేన్ కొట్టాడు. బిళ్ల గోల్‌లోకి వెళ్లిందని కేన్‌కి తప్ప ఒక్క క్షణం ఎవరికీ తెలియలేదు. ఆ బిళ్ల ఆ రాత్రే మాయమైపోయింది.

అలా ఏటా జరిగిన సదస్సుల్లో ఆరోదానికి మేం వెళ్లాం. దానికి నెల ముందే, జూన్ 24న, బోస్టన్‌లో ఆట చివరి 76 సెకన్లలో, 17 సెకన్ల తేడాతో రెండు గోల్స్ కొట్టి జట్టు మరోసారి కప్పు గెలిచింది. హోటల్ ఎదురుగానే ఉన్న గ్రాంట్ పార్కులో విజయోత్సవం జరిగింది. నేనూ మా అమ్మాయీ ఆ జనంలో ఉన్నాం. అంత జనంలో ఆటగాడు చీమంత కనిపిస్తాడు. సదస్సులో అలా కాదు. నీళ్ల కుళాయి దగ్గర, లిఫ్టులో, నడవాలో పక్కనే నడుస్తాడు. తెరమీదా, మంచుమీదా చూసినప్పుడు కొండలా ఉన్న మనిషి కూడా చెప్పులేసుకుని ఎదురుపడితే మన వీధి చివర కుర్రాడిలాగే ఉంటాడు.

ఆటోగ్రాఫుల వరసలూ, జెర్సీల అమ్మకాలూ, పాత సామాను వేలాలూ ఉన్నాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను. నన్ను పట్టి నిలిపింది ప్రశ్నల గదులు. వేదిక మీద నలుగురైదుగురు కూర్చుంటారు: శిక్షకులు ఒకసారి, మేనేజర్లు ఒకసారి, డెబ్బయ్యో పడిలో ఉన్న మాజీలు ఒకసారి. కింద మైకు దగ్గర మామూలు జనం వరస కడతారు. టికెట్ల ధర ఎందుకు పెంచారు, ఫలానావాణ్ని ఎందుకు వదులుకున్నారు, వచ్చే ఏడు గోలీ ఎవరు అని మొహమాటం లేకుండా అడుగుతారు. అన్నిటికీ మంచి జవాబులు రావు. కానీ అడిగినవాడి మాట మధ్యలో ఎవరూ తుంచరు. మైకు లాక్కోరు.

పిల్లలకి విడిగా ఒక సమావేశం ఉంది. అందులో విలేకరులు పిల్లలే. పెద్దవాళ్లు వెనక కుర్చీల్లో నోరు మూసుకుని కూర్చోవాలి. పదేళ్లు నిండని పిల్లలు కుర్చీ మీద నిలబడి, మైకు రెండు చేతులతో పట్టుకుని అడిగారు. మా అమ్మాయి వంతు వచ్చింది. ఆ రోజుల్లో దానికి స్కేటింగ్ నేర్పిస్తున్నాం. ప్రతి వారం మోకాళ్లు పగిలి వచ్చేది. “కింద పడ్డప్పుడు అందరూ చూస్తున్నారని సిగ్గేస్తుందా?” అని అడిగింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. అది అంతవరకూ ఇంట్లో మాతో కూడా అనని మాట. కారెక్కాక దానికి జవాబు కంటే తను అడగగలిగానన్న సంతోషమే ఎక్కువ ఉంది.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టవుతుంది.

2021 అక్టోబరులో ఒక స్వతంత్ర విచారణ నివేదిక బయటికొచ్చింది. 2010లో కప్పు కోసం ఆడుతున్న రోజుల్లోనే జట్టు వీడియో శిక్షకుడొకడు తన మీద లైంగిక దాడి చేశాడని ఒక యువ ఆటగాడు చెబితే, యాజమాన్యంలోని పెద్దలు ఫైనల్ అయ్యేదాకా ఆ సంగతిని కదపకుండా ఉంచారు. ఆ శిక్షకుడు విజయోత్సవాల్లో కూడా పాల్గొన్నాడు. క్లబ్బుకి 20 లక్షల డాలర్ల జరిమానా పడింది. జనరల్ మేనేజర్ రాజీనామా చేశాడు. స్టాన్లీ కప్పు మీద చెక్కిన ఆ శిక్షకుడి పేరు కనపడకుండా ఎక్స్ గుర్తులు కొట్టారు. 2010 సదస్సులో జనం కొట్టిన చప్పట్ల వెనక ఒక కుర్రాడు నోరు నొక్కుకుని ఉన్నాడన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

2022 ఫిబ్రవరిలో అదే రాకీ వర్ట్జ్ సీజను టికెట్లవాళ్ల ఎదుట సభ పెట్టాడు. ఇలాంటిది మళ్లీ జరగకుండా ఏం చేస్తున్నారని ఒక విలేకరి అడిగితే కోపంతో ఊగిపోయి, ఆ విషయం మాట్లాడనని కసిరాడు. ఆ రాత్రే క్షమాపణ చెప్పాడు. తలుపులు తెరిచిన మనిషే ఒక్క కష్టమైన ప్రశ్నకి తలుపు వేయబోయాడు. 2023 జూలైలో ఆయన పోయాడు. ఆయన చేసిన మేలుని నేను మరచిపోను. సభ జరిగిన ఆ రాత్రినీ మరచిపోలేను. అభిమానుల సభకి నిజమైన పరీక్ష అలాంటి ప్రశ్నే. టికెట్ల ధర గురించి అడిగించుకోవడం సులువు.

మొదటి సదస్సు జరిగిన 2008 ఇంకో రకంగా కూడా మనకి గుర్తుండవలసిన ఏడు. ఆ ఏడే కెనడాలో సీబీసీ సంస్థ శనివారం రాత్రి హాకీని పంజాబీ వ్యాఖ్యానంతో ప్రసారం చేయడం మొదలుపెట్టింది. పంజాబీలు పక్‌కి తమ వంటింటి మాట వాడారు, టిక్కీ అని. 2016 ఫైనల్లో వ్యాఖ్యాత హర్నారాయణ్ సింగ్ ఒక ఆటగాడి పేరుని గుక్క తిప్పుకోకుండా పలికిన తీరు ఖండమంతా మారుమోగింది. పిట్స్‌బర్గ్ జట్టు తమ విజయోత్సవానికి ఆ పంజాబీ వ్యాఖ్యాతల్ని పిలుచుకుంది. 2021లో పంజాబీ మూలాలున్న జుఝార్ ఖైరా మన బ్లాక్‌హాక్స్ జెర్సీ వేసుకున్నాడు. ఆ కుటుంబాల్లో తాతలు ఆటని తమ భాషలో విని, మనవలతో కలిసి కేకలు వేశారు. ఆట పరాయిదైనా ఆ సాయంత్రాలు వాళ్ల సొంతమయ్యాయి. తెలుగులో వ్యాఖ్యానం వస్తే మనం దాన్ని ‘బిళ్ల’ అనే అంటాం. బిళ్లంగోడు ఆడిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి అంతకంటే సరైన మాట దొరకదు.

మా నాన్నగారు ఒకసారి ఇక్కడికి వచ్చినప్పుడు యునైటెడ్ సెంటర్‌కి తీసుకెళ్లాను. జాతీయగీతం మొదలవగానే ఇరవై వేల మంది చప్పట్లూ కేకలూ మొదలుపెట్టారు. 1985లో ఎడ్మంటన్ జట్టుతో ఆడిన సిరీస్ నుంచి ఆ ఊరి ఆనవాయితీ అది. జనగణమనకి కదలకుండా నిలబడ్డ ఆయనకి మొదట కష్టం కలిగింది. పాట అయ్యాక, “అందరూ ఒక్క గొంతై అరిచారురా” అన్నారు, అంతే. ఇంటికి వచ్చాక మనవరాలిని కూర్చోబెట్టుకుని నిబంధనలన్నీ చెప్పించుకున్నారు.

బ్లాక్‌హాక్స్ సదస్సు 2019 దాకా పన్నెండుసార్లు జరిగింది. 2020లో కరోనా ఆపేసింది. మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగంలో చేరింది. మన సంఘం సభలకి పిలిస్తే, “అక్కడ నేను చేసేదేముంది నాన్నా, కూర్చుని చూడటమే కదా” అంటుంది. దానికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకే కార్యవర్గానికి ఒక విన్నపం. వచ్చే మహాసభల్లో, సన్మానాలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ఉన్న వేళల్లోంచి ఒక్క గంట తీసి ఉంచండి. పెద్ద హాల్లోనే, శనివారం మధ్యాహ్నమే, అందరూ ఉన్నప్పుడే. వేదిక మీద మీరు కూర్చోండి. మైకు పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల చేతికివ్వండి. తెలుగులో అడిగినా, ఇంగ్లీషులో అడిగినా, డబ్బు లెక్కలు అడిగినా, ఎన్నికల గొడవలు అడిగినా జవాబు చెప్పండి. ఆ గంట ఏర్పాట్లు చూసుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.