చిన్న తెరకు తగిన వెబ్‌సైటు



మేము ప్రస్తుతం ఎం.సి.ఎ. చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినది మేమే మొదలు. ఈ హాస్టల్లో తిన్న అన్నానికి కృతజ్ఞతగా పూర్వ విద్యార్థుల వెబ్‌సైటు చూసే పనిని తోటి మిత్రులతో కలిసి తీసుకున్నాము. ఆ పనిలో మేము చేసిన ఒక తప్పును, దాని నుండి నేర్చుకున్న విషయాలను ఇక్కడ వివరిస్తాము.

గత సంవత్సరం ఉపకారవేతనాల వివరాలను ఆ సైటులో పట్టికగా పెట్టాము. ఇంటర్ చదివే ఒక తమ్ముడు వాళ్ళ అమ్మగారి ఫోనులో చూశాడు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. వేళ్ళతో పెద్దవి చేసి చదివాడు. పెద్దవి చేయగానే పట్టికలోని నాలుగో వరుస తెర దాటి పక్కకు పోయింది. చివరి తేదీ ఉన్నది ఆ వరుసలోనే! గడువు దాటాక ఫోను చేసి, "అన్నా, తేదీ వెయ్యలేదేం?" అని అడిగాడు. వేశాము. కానీ అతనికి కనిపించేలా వెయ్యలేదు. ఆ ఏడాది ఉపకారవేతనం పోయింది.

ఇంతకీ ఎందుకిలా జరిగింది?

మన సైటు వర్డ్‌ప్రెస్‌తో నడుస్తుంది. 2001లో వచ్చిన ద్రుపల్, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్, 2005లో వచ్చిన జూమ్లా వంటివాటిని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్స్ అంటారు. వీటిలో మనం రాసిన విషయం డేటాబేస్‌లో ఉంటుంది. అది తెరమీద ఎలా కనిపించాలో థీమ్ చెబుతుంది. మన వంటగది పద్ధతే అనుకోండి. అన్నం గుండిగలో ఉంటుంది, వడ్డించేది కంచంలో. కంచం మారిస్తే మళ్ళీ వండనక్కరలేదు.

పూర్వం ఫోన్లకోసం వేరే సైటు కట్టేవారు. ఒకదానిలో కొత్త విషయం పెట్టి, రెండోదానిలో మరచిపోయేవారు. 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనరు 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అనే మార్గం చూపాడు. సైటు ఒక్కటే, తెరను బట్టి అమరిక మారుతుంది. దీనికి మూడు సూత్రాలు. వెడల్పులను పిక్సెళ్ళలో కాక శాతాలలో చెప్పాలి. బొమ్మలు తమ గడిని దాటకూడదు. తెర ఇంత వెడల్పుంటే ఇలా అమర్చు అని మీడియా క్వెరీలతో చెప్పాలి.

వీటితోపాటు పేజీ తలభాగంలో వ్యూపోర్ట్ అనే ఒక్క పంక్తి తప్పనిసరి. అది లేకపోతే చాలా ఫోన్లు పేజీని 980 పిక్సెళ్ళ వెడల్పుదిగా భావించి, మొత్తాన్ని కుదించి చూపుతాయి. చీమల్లాంటి అక్షరాలకు కారణం ఇదే. మా పాత థీమ్‌లో ఆ పంక్తి లేదు.

కంచం మారిస్తే సరిపోయిందా?

రెస్పాన్సివ్ థీమ్ పెట్టగానే సగం పని అయింది. మిగతా సగం పాత పేజీల లోపల ఉంది. మా పట్టికలకు 900 పిక్సెళ్ళని వెడల్పు రాసేశాము. దానిని ఏ థీమూ సులువుగా సరిచేయలేదు. ఒక్కొక్క పేజీ తెరిచి తీసేశాము. కొన్ని పాత నోటీసులు యూనికోడ్ కాని ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని ఫోనులో అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చాము. స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టినవాటిని మళ్ళీ టైపు చేశాము.

తెలుగుకు మరో జాగ్రత్త కావాలి. ఇంగ్లీషుకు సరిపోయే పంక్తుల ఎడం మనకు చాలదు. పై పంక్తిలోని వత్తులు కింది పంక్తిలోని గుడులకు తగులుతాయి. అందుకే ఎడం పెంచాము. మన పదాలు పొడవైనవి కనుక, రెండు అంచులూ సమానంగా సర్దితే చిన్న తెరమీద మధ్యలో ఖాళీలు పడతాయి. ఎడమ అంచుకే సర్దాము.

ఇక ఫొటోలు. పెద్ద ఫొటో తెరమీద చిన్నగా కనిపించినంత మాత్రాన దాని బరువు తగ్గదు, డేటా అంతా ఖర్చవుతుంది. చిన్న తెరకు తోడు నెమ్మది నెట్ అయితే గోరుచుట్టుపై రోకటిపోటే! వర్డ్‌ప్రెస్ ఒకే ఫొటోకు పలు పరిమాణాలు తయారుచేస్తుంది. 2015 చివర వచ్చిన 4.4 నుండి తెరకు తగినదానిని బ్రౌజరే ఎంచుకోగలుగుతుంది. పాత పేజీలలో అసలు ఫొటోలనే నేరుగా పెట్టి ఉంటే మార్చుకోవాలి.

ఈ పని చేయదలచిన తమ్ముళ్ళకు మూడు మాటలు. ముందు సైటు మొత్తం బ్యాకప్ తీసుకోండి. మార్పులు చైల్డ్ థీమ్‌లోనే చేయండి, అసలు థీమ్‌లో చేసినవి అప్‌డేట్‌తో పోతాయి. మేము ఒకసారి అలా పోగొట్టుకున్నాము. చివరగా, కంప్యూటర్లో కిటికీని చిన్నది చేసి చూసి సరిపెట్టుకోకండి. మీకు దొరికిన అన్నిటికన్నా పాత ఫోనులో, ఎండలో నిలబడి చదివి చూడండి.

ఈ సంవత్సరం ఉపకారవేతనాల పేజీలో పట్టిక లేదు. చివరి తేదీని మొదటి వాక్యంలోనే పెద్ద అక్షరాలతో రాశాము. అందరికంటే ముందు ఆ తమ్ముడికే పంపి, ఎలా ఉందని అడిగాము.

"తేదీ కనిపించింది అన్నా, దరఖాస్తు కూడా పెట్టేశాను" అన్నాడు.