మీకు తెలుసా? సీ భాషకు సెక్టార్లు లేవు!

1955 నాటి సోవియట్ ఒప్పందంతో పుట్టిన భిలాయ్ ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లో చుట్టాలిల్లు వెతికినవాళ్లకు తెలుసు, క్వార్టర్ నంబరు, స్ట్రీట్ నంబరు ఉంటే చాలదని. అవే నంబర్లు వేరే సెక్టార్లలోనూ ఉంటాయి. సెక్టార్ చెబితేనే చిరునామా పూర్తవుతుంది.

ప్రోగ్రాముల్లో ఆ సెక్టార్ పని నేమ్‌స్పేస్‌ది. సీ ప్లస్ ప్లస్‌కు అది 1998 ప్రమాణంలో ఉంది. సీ భాషకు ఇప్పటికీ లేదు. వేర్వేరు భాషలు సాధారణంగా కలుసుకునేది సీ దగ్గరే కాబట్టి తంటా అంతా అక్కడే. రెండు స్టాటిక్ లైబ్రరీల్లో 'ఇనిట్' అనే ఫంక్షన్ ఉండి, ఆ రెండూ ప్రోగ్రాంలోకి చేరితే లింకర్ 'మల్టిపుల్ డెఫినిషన్' అని ఆగిపోతుంది. అలా ఆగడం మన అదృష్టం! లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీలైతే చాలాసార్లు ముందు దొరికిన 'ఇనిట్'నే ఇద్దరికీ అంటగట్టి ఊరుకుంటుంది. ఆ తర్వాత ఎక్కడో, అసలు సంబంధమే లేని చోట ప్రోగ్రాం కుప్పకూలుతుంది. ఇంతకంటే మొండి తప్పు మరొకటి ఉండదు.

దీనికి పాత యూనిక్స్ ఫోర్ట్రాన్ కంపైలర్లు చక్కని ఉపాయం పన్నాయి: ప్రతి పేరు చివరా ఒక అండర్‌స్కోర్. అలా సీ లైబ్రరీ పేర్లతో గొడవ తప్పింది. జీఫోర్ట్రాన్‌ది నేటికీ అదే పద్ధతి. బ్లాస్ లైబ్రరీలో మాత్రికల గుణకారం చేసే 'డీజెమ్'ను సీ నుంచి నేరుగా పిలవాలంటే సాధారణంగా ఆ తోక ఉండాలి. ఫోర్ట్రాన్ 2003 వచ్చాక 'బైండ్ సీ'తో పేరును మనమే ఎంచుకునే వీలు కలిగింది. సీ ప్లస్ ప్లస్ నేమ్‌స్పేస్‌నూ ఆర్గ్యుమెంట్ల రకాలనూ పేరులోనే గుచ్చేస్తుంది. అది వద్దంటే 'ఎక్స్‌టర్న్ సీ' రాస్తాం.

పోట్లాట ఒక్కోసారి భాషలోని పదంతోనే. ఎక్స్ విండో హెడర్‌లో 'విజువల్' స్ట్రక్చర్‌కు 'క్లాస్' అనే సభ్యుడున్నాడు. సీ ప్లస్ ప్లస్‌లో అది రిజర్వ్ చేసిన పదం. అందుకే ఆ భాషలో కంపైల్ చేసినప్పుడు హెడరే దాన్ని 'సీ అండర్‌స్కోర్ క్లాస్'గా మార్చేస్తుంది.

సోర్స్ కోడ్ చేతిలో లేకున్నా దారుంది. 'ఆబ్జ్‌కాపీ' పనిముట్టుతో ఆబ్జెక్ట్ ఫైల్లోని పేరునే మార్చవచ్చు.

మీ లైబ్రరీని మరో భాషవాళ్లకు ఇచ్చేముందు ఒక్కసారి 'ఎన్ఎమ్' నడిపి, బయటికి కనబడే పేర్లు చూడండి. ఒకే ఫైల్లో వాడుకునే ఫంక్షన్లకు 'స్టాటిక్' పెట్టండి. బయటివాళ్లు పిలిచేవాటి ముందు ప్రాజెక్టు పేరు చేర్చండి.