తుపాను వేళ తలిదండ్రులు గమనింపవలసిన విషయములు

గంజాం తీరమున తరతరములుగా కాపురమున్న మనకు తుపాను క్రొత్తది కాదు. ఆశ్వయుజము ప్రవేశించినది మొదలు కార్తికము గడచువరకు ముసలివారు తూర్పుదిక్కు చూచుచు ‘ఈ యేడు గాలి యెట్లుండునో’ యనుకొనుట మన యిండ్లలో పరిపాటి. ఆ భయము నిష్కారణమైనది కాదు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంతనే తీరము దాటినది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12వ తేదీన, హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినది. 2018 అక్టోబరు 11వ తేదీన తెల్లవారుజామున తిత్లీ పలాస ప్రాంతమున దాటి, పిదప దారి మరలి, గంజాం గజపతి జిల్లాలపై కుంభవృష్టి కురిపించినది. మూడును అక్టోబరు రెండవ వారమందే వచ్చినవి. అట్లని తక్కిన మాసములలో నిశ్చింతగ నుండ వీలులేదు. 2019లో ఫని తుపాను మే 3వ తేదీన పూరీ పట్టణముపై బడినది.

మహాతుపాను మాట యెత్తగానే మన రాష్ట్రమున అందరికిని 1999వ సంవత్సరము గుర్తునకు వచ్చును. ఆ యేడు అక్టోబరు 29వ తేదీన పారాదీపు ప్రాంతమున విరుచుకొనిపడిన గాలి వేగము గంటకు సుమారు 260 కిలోమీటర్లు. పదివేలమందికి అటునిటుగా ప్రాణములు గోల్పోయిరి. ఫైలిన్ నాటి గాలియు గంటకు 200 కిలోమీటర్లు మించినదే. కాని ఒడిశాలో మృతుల సంఖ్య, తరువాత వచ్చిన వరదలతో గూడ, యాబదికి లోపుగనే నిలిచినది. రెండు తుపానుల బలములో కొంత భేదమున్న మాట నిజమే. అయినను ఇంతటి వ్యత్యాసమునకు ముఖ్యకారణము వేరు. 1999 తరువాత రాష్ట్రమున విపత్తు నిర్వహణకై ప్రత్యేక సంస్థ యేర్పడినది. తీరము పొడవున ఆశ్రయభవనములు లేచినవి. ఫైలిన్ రాకమునుపే సుమారు పదిలక్షలమందిని లోతట్టు ప్రదేశములనుండి కదలించిరి. అనగా వార్త ముందుగా అందినది, జనులు ఆ వార్తను నమ్మి లేచిరి.

కావున నేడు మనకు హెచ్చరిక రాదను కొరత లేదు. వచ్చిన హెచ్చరిక మన యింటిలోని వారందరికిని అర్థమగుచున్నదా యనునదే మా సందేహము. మన పిల్లలు ఒడియా చక్కగా మాటలాడుదురు. మగవారు బజారులో నేర్చికొందురు. కాని ఇల్లు కదలకుండు అవ్వలకును, సముద్రపుటొడ్డున నోలియాలని పిలువబడు మన మత్స్యకార కుటుంబములలోని యాడువారిలో పెక్కండ్రకును ఆ భాష వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. ఊరిలో మైకు కట్టిన బండి చెప్పుకొనిపోవు మాటలు వారికి సగము మాత్రమే తెలియును. సగము తెలియుట కొన్ని సమయములందు అసలు తెలియకుండుటకంటె ప్రమాదము.

ఉదాహరణమునకు, ఒడియాలో ‘బాత్యా’ యనగా తుపాను, ‘బన్యా’ యనగా వరద. ఈ రెండును సంస్కృతమందలి వాత్యా, వన్యా శబ్దములే, వకారము బకారమైనది. మైకు గరగరలో ఒకదానికొకటి వినబడుట సులభము. బాత్యాకు గట్టి పైకప్పు క్రింద తలదాచుకొనవలెను. బన్యాకు మెరకకు బోవలెను. ఇక ‘లఘుచాప’ యను మాట మన పెద్దలకు నవ్వు పుట్టించును. అది చిన్న చాప కాదు. చాప యనగా వారి భాషలో ఒత్తిడి, లఘుచాప యనగా మన అల్పపీడనము. అది ముదిరినచో ‘అబపాత’, మన వాయుగుండము. ‘జువార’ యనగా సముద్రపు పోటు. దినదినము వచ్చు పోటునకును అదే మాట, తుపాను వేళ ఊళ్లమీదికి లేచు కెరటమునకును అదే మాట. మన భాషలో ఈ రెండవదానికి ‘ఉప్పెన’ యను ప్రత్యేకమైన పేరున్నది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో వేలకొలది జనమును పొట్టనబెట్టుకొన్నది గాలి కాదు, ఉప్పెన. కావున జువార యని మైకులో వినబడినప్పుడు ఇంటనున్న పెద్దలకు ఉప్పెన యనియే చెప్పవలెను. ఆ మాట వినిననే వారు కదలుదురు. ‘ఆశ్రయస్థళీ’ యనగా తుపాను ఆశ్రయభవనము. ఈ అయిదారు మాటలను పిల్లలచేత ఒక కాగితముపై తెలుగు లిపిలో వ్రాయించి గోడకు అంటింపుడు. ఇంటిలో దుబాసీ పని సాధారణముగా బడిపిల్లలదే యగుచున్నది. వారు ఇంట లేని సమయములో తుపాను వార్త రాగూడదని నియమము లేదు గదా!

వాతావరణశాఖవారి హెచ్చరికలు మెట్లుమెట్లుగా వచ్చును. ప్రమాదమునకు మూడు దినములు ముందుగా తొలి సూచన. 48 గంటలకు ముందు పసుపు రంగు. 24 గంటలకు ముందు నారింజ రంగు. 12 గంటలకు ముందు ఎరుపు. గంటకు 62 కిలోమీటర్లు చేరిన గాలినే తుపాను అందురు; 118 చేరినచో అతితీవ్ర తుపాను; 222 చేరిన పిదప మహాతుపాను. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. గాలి వేగము రెట్టింపైనచో అది గోడపై చూపు ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. నూరు కిలోమీటర్ల గాలికి నిలిచిన రేకులకప్పు ఇన్నూరు కిలోమీటర్ల గాలికి నిలుచునని అనుకొనరాదు. రేవులో ఎగురవేయు సూచికల సంఖ్యలను గూర్చి మనవారు వాదులాడుకొందురు. ఎనిమిదికంటె తొమ్మిది, తొమ్మిదికంటె పది ఘోరమని తలంతురు. నిజమునకు 8, 9, 10 మూడును మహాపాయ సూచికలే. తుపాను రేవునకు ఏ పార్శ్వమున దాటునో, లేక రేవుమీదుగనే దాటునో తెలుపు భేదమే వానిలోనిది.

ఆ పార్శ్వభేదము మనకు ముఖ్యము. మన యర్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుదిక్కుగా తిరుగును. తుపాను మన యూరికి దక్షిణమున దాటినచో గాలి సముద్రమునుండి భూమిమీదికి వీచును, నీటిని ఒడ్డునకు త్రోయును. ఉత్తరమున దాటినచో గాలి భూమినుండి సముద్రముమీదికి బోవును. ‘కళింగపట్టణము దగ్గర దాటునట, అది ఆంధ్రదేశమునకు గదా’ యని గోపాలపురపు ఒడ్డున నున్నవారు వలలు విప్పుకొనుట మేమెరుగుదుము. అట్టి తుపానే వారికి ఉప్పెన ముప్పు తెచ్చునది. బరంపురము సముద్రమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్నది గనుక ఉప్పెన ఇక్కడికి రాదు. మనకు గాలియు వానయు చాలును.

తుపాను నడిమిభాగము మన నెత్తిపైనుండి పోయినచో గాలి హఠాత్తుగా ఆగిపోవును. ఒక్కొక్కప్పుడు చుక్కలుకూడ కనబడును. ‘గండము గడచినది’ యని జనులు బయటికి వత్తురు, పడిన రేకులు ఏరుకొందురు. అది తుపాను కన్ను. కొంతసేపటికి గాలి ఎదురుదిక్కునుండి, మన ప్రాంతమున ఈశాన్యమునుండి వీచినది నైరుతినుండి, మరల విరుచుకొనిపడును. మొదటి గాలికి వదులైన చెట్లును గోడలును రెండవ గాలికి కూలును. కావున ఎవరైన అధికారి గాని రేడియో గాని గాలి తగ్గినదని చెప్పువరకు తలుపు తీయరాదు. విద్యుత్తు పోయినచో సెల్‌ఫోను రెండవ దినమునకే చల్లబడును. బ్యాటరీతో నడచు చిన్న రేడియో యొకటి యింటనుండుట మంచిది. సెల్‌ఫోనులలో తిరుగు భయంకర దృశ్యములలో పాతవి యెన్నియో యుండును. వానిని నమ్మి పరుగులిడుట, నమ్మక కూర్చుండుట రెండును చేటే.

ఆశ్రయభవనమునకు రమ్మన్నప్పుడు అడ్డుపడునవి మూడు: పశువు, పెట్టె, పెద్దవారి పట్టుదల. పశువులను కట్టి విడువక త్రాడు విప్పి మెరకకు తోలుడు. పెట్టెలోని బంగారమును కాగితములను ముందురోజే ఒక సంచిలో చేర్చియుంచినచో ఆ యడ్డు తొలగును. పెద్దవారిని ఒప్పించుట కష్టము. మనుమడు పిలిచిన వత్తురు, కొడుకు పిలిచిన రారు. కొండప్రాంతములవారు వేరు జాగ్రత్త పడవలెను. తిత్లీ వేళ గజపతి జిల్లాలోని బారఘర గ్రామమున వానకు భయపడి ఒక గుహలో తలదాచుకొన్నవారిలో పదిమందికి పైగా కొండచరియ విరిగిపడి మరణించిరి. తీరమునకు దూరముగా నున్నామను ధైర్యము అక్కడ పనిచేయలేదు.

తుపాను వెడలిన మరునాడు ప్రమాదము వెడలలేదు. తెగిపడిన విద్యుత్తు తీగలను నీళ్లలో నడచువారు చూడలేరు. వరదకు కలుగులు నిండి పాములు ఇండ్లలోనికి వచ్చును. కాటు తగిలినచో మంత్రగానియొద్ద కాలము పుచ్చక ఆసుపత్రికి కొనిపోవలెను. నూతినీరు బాగుగా తెర్ల కాచి త్రాగవలెను. ఇంటిలోపల జనరేటరు నడపుట, తలుపులు మూసి బొగ్గు రాజవేయుట ప్రాణాంతకములు. ఆ విషవాయువునకు వాసన లేదు. సహాయమునకు 112 సంఖ్యకు గాని, జిల్లా కార్యాలయమునకు 1077 సంఖ్యకు గాని ఫోను చేయవచ్చును. ఫైలిన్ పిదప ఋషికుల్యకు వరద వచ్చి, గాలికి తప్పించుకొన్న యూళ్లు నీటికి చిక్కినవి.

ఇప్పుడు చెప్పబోవునది తక్కినవారి పుస్తకములలో ఉండదు గాని మన కుటుంబములకు మిక్కిలి ముఖ్యము. ఇల్లు కూలినవారికి ప్రభుత్వసహాయము బ్యాంకు ఖాతాలో జమయగును. దానికి నష్టజాబితాలోని పేరు, ఆధారు కార్డులోని పేరు, ఖాతాలోని పేరు కలియవలెను. మనము ఇంటిపేరు ముందు వ్రాసికొందుము. ఇక్కడివారు చివర వ్రాయుదురు. ఒడియాలిపిలో ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు వేరు గుర్తులు లేవు. మన వకారము ఒకచోట బకారమగును, మఱియొకచోట భకారమగును. వెంకటేశ్వరరావు ఒక కాగితమున బెంకటేశ్వర, ఒక కాగితమున భెంకటేశ్వర యై, ఇంటిపేరు ఒకదానిలో తలపైనను ఒకదానిలో కాళ్లయొద్దను ఉండును. ఇట్టి కారణమున సహాయధనము నెలలకొలది నిలిచిపోయిన కుటుంబములు మా యొద్దకు వచ్చుచునేయున్నవి. తుపాను నాడు దీనిని దిద్దుట అసాధ్యము. ఈ వేసవి సెలవులలో ఇంటిల్లిపాది కాగితములను ఒకచోట పరచి, పేరులన్నియు ఒక్క తీరుగనున్నవో లేవో చూడుడు. పిల్లల పేరును జన్మతేదియు పాఠశాల ప్రవేశపట్టికలో నున్నవి. వాని నకలు కావలసినవారు కార్యాలయమున అడిగి పుచ్చుకొనవచ్చును. తరువాత ముఖ్యపత్రములను ప్లాస్టిక్కు సంచిలో మూతికట్టి యుంచుడు. డిజిలాకరులో చేర్చినచో తడియు భయమే లేదు, ఆయా శాఖలవారు అందులో జారీచేసిన పత్రములకు అసలు పత్రములతో సమానమైన చెల్లుబాటున్నది.

పిల్లల పుస్తకములనుగూడ ఆ సంచిలోనే చేర్పుడు. ఒడియా వాచకము తడిసినచో బరంపురము బజారులో మరునాడే క్రొత్తది దొరకును. తెలుగు వాచకమట్లు కాదు. మరల తెప్పించువరకు ఒక పరీక్ష గడచిపోవును. ఇది చిన్న విషయముగ దోచును. కాని తుపాను పిదప పడవ పోయిన ఇల్లు, కొట్టు కూలిన ఇల్లు సూరతు ప్రయాణముగూర్చి ఆలోచించును. గంజాం జిల్లావారికి ఆ దారి ఎప్పుడును తెరచియే యున్నది. పుస్తకము లేదను సాకుతో పదిదినములు బడి మానిన పెద్దపిల్లవాడు పదునొకండవ దినమున పనికి పోవును. పోయినవాడు తిరిగి తెలుగు తరగతికి వచ్చుట మేము అరుదుగా చూచితిమి.

చిన్నపిల్లలు కొన్నాళ్లు గాలి చప్పుడునకే ఉలికిపడుదురు, రాత్రులు ప్రక్క తడుపుదురు. వారిని గద్దింపకుడు, ఏమి జరిగినదో వారిచేతనే చెప్పింపుడు. తుపాను తరువాత మా పాఠశాల ఆశ్రయభవనముగా నున్నంతకాలము తరగతులు నడువకపోవచ్చును గాని, ఖాళీ యైన మరునాడే గంట మ్రోగును. ఆ దినముననే పిల్లలను పంపుడు. బట్టలు మాసినవనిగాని, పలకయు పుస్తకమును లేవనిగాని ఆపకుడు. లేనివి ఏవో ఆనాడే వ్రాసికొని తెప్పించు ఏర్పాటు కార్యాలయమున చేయుదుము.