వెనుక బండిలో బ్యాటరీ నిండదేమి?

సికింద్రాబాదు, కాచిగూడల నడుమ ఉన్న సీతాఫల్‌మండి స్టేషనులో నిలబడి, అవతలి పట్టాల మీద సాగిపోయే దూరప్రయాణపు రైలును అడుగుభాగం వరకు పరికించి చూడండి. పెరంబూరు కర్మాగారంలో 2018 వరకు తయారైన పాత తరహా బోగీలైతే, వాటి కింద పెద్ద ఇనుప పెట్టెలు వేలాడుతూ కనబడతవి. అవి సీసపు బ్యాటరీల పెట్టెలు. ఆ పక్కనే చక్రాల ఇరుసు బెల్టుల ద్వారా ఒక ఆల్టర్నేటరును తిప్పుతూ ఉంటుంది. ఈ స్టేషనుకు చేరువలోని లాలాగూడలో నిజాం రైల్వే వారు 1893లో స్థాపించిన కర్మాగారం ఇటువంటి బోగీల మరమ్మతుకే పేరుపొందినది.

బోగీని లాగేది ఇంజను. మరి విద్యుత్తును కూడా ఇంజనునుండే తీసుకోక, ప్రతి బోగీ తన కరెంటును తానే పుట్టించుకోవలసిన అవసరమేమి? ఆవిరి ఇంజనుల కాలంలో ఇవ్వడానికి ఇంజనులో విద్యుత్తే లేదు. అంతకంటె ముఖ్యమైన చిక్కు మరొకటి ఉన్నది. ఆ చిక్కే నేడు జీపు వెనుకనో, కారు వెనుకనో కట్టిన ట్రెయిలరులోనూ ఎదురవుతున్నది.

ఒక వైద్యబృందం టీకాల పెట్టెను ట్రెయిలరులో పెట్టుకొని ఊళ్ళు తిరుగుతున్నదనుకుందాం. చాలా టీకాలను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచవలె. పెట్టెను చల్లబరిచే యంత్రం ట్రెయిలరులోని 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. పగలంతా జీపు ఇంజను ఆ బ్యాటరీని ఛార్జి చేయవలె. సాయంత్రం ఇంజను ఆపుతారు. అర్ధరాత్రికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది! ఎనిమిది గంటలు నడిచిన ఇంజను ఇచ్చిన విద్యుత్తు ఏమైనట్లు?

లెక్క వేసి చూద్దాం. జీపు ఆల్టర్నేటరు సుమారు 14.2 వోల్టులు ఇస్తుంది. ట్రెయిలరు బ్యాటరీ 10 మీటర్ల దూరంలో ఉన్నది. పోను రాను తీగ 20 మీటర్లు. తీగ అడ్డుకోత వైశాల్యం 2.5 చదరపు మిల్లీమీటర్లయితే, ఆ రాగితీగ నిరోధం దాదాపు 0.14 ఓము. ఇది లెక్కలోకి రానంత చిన్నదనిపిస్తుంది. కాని చల్లబరిచే యంత్రం 10 ఆంపియర్లు తీసుకుంటే, ఓము సూత్రం ప్రకారం తీగలోనే 1.4 వోల్టులు పడిపోతవి. చివర మిగిలేది 12.8 వోల్టులు. పూర్తిగా నిండి, విశ్రాంతిగా ఉన్న సీసపు బ్యాటరీకే 12.6 లేక 12.7 వోల్టులుంటవి. దానిని సరిగా నింపడానికి 14 వోల్టులకు పైగా కావలె. నిండు కుండలోనికి నీరు పోయవలెనంటే చెంబును కుండ అంచుకంటె పైకెత్తవలె గదా!

యంత్రాన్ని ఆపినా చిక్కు పూర్తిగా తీరదు. ఖాళీ బ్యాటరీ మొదట 8, 9 ఆంపియర్లు తీసుకోగలదు. నిండుతున్నకొద్దీ దాని వోల్టేజి పెరిగి 13.8కి చేరేసరికి, తీగగుండా పోయేది మూడు ఆంపియర్ల లోపే. ఇట్లా నిత్యం సగం నిండిన బ్యాటరీలో పలకలమీది సీసపు సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తరువాత ఎంత మంచి ఛార్జరు పెట్టినా పూర్వపు సామర్థ్యం రాదు.

దోషం ఎక్కడున్నదో కనుక్కొనేటప్పుడు చాలామందిని మోసగించేది వోల్టుమీటరే. ట్రెయిలరు తీగను విడదీసి, ప్లగ్గు దగ్గర మీటరు పెడితే 14.2 చూపుతుంది. "తీగ బాగానే ఉన్నది" అని వదిలేస్తారు. మీటరు గుండా పోయే ప్రవాహం అత్యల్పం. ప్రవాహం లేనిచోట పతనమూ ఉండదు. తుప్పు పట్టిన పిన్ను కూడా నిర్దోషిగానే కనబడుతుంది. కాబట్టి భారం పెట్టి కొలవవలె. 12 వోల్టుల, 55 వాట్ల హెడ్‌లైటు బల్బు ఒకటి ప్లగ్గు దగ్గర తగిలించండి. అది నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు మీటరు నిజం చెప్తుంది.

ముందు ఇంజను నడుపుతూ జీపు బ్యాటరీ దగ్గర కొలవండి. అక్కడే 14 లేకుంటే తప్పు ఆల్టర్నేటరుదో, దాని బెల్టుదో. (కొన్ని కొత్త వాహనాలలో తమ బ్యాటరీ నిండగానే వోల్టేజి తగ్గించే ఏర్పాటున్నది. అక్కడ తప్పెవ్వరిదీ కాదు.) తరువాత ట్రెయిలరు బ్యాటరీ దగ్గర కొలవండి. ఇంజను నడిచినా అంకె కదలకపోతే ఫ్యూజు, రిలే, ప్లగ్గు చూడవలె. కదిలినా చాలినంత పెరగకపోతే, మీటరు ఒక కొసను జీపు బ్యాటరీ ధన ధ్రువానికి, రెండవ కొసను ట్రెయిలరు బ్యాటరీ ధన ధ్రువానికి పెట్టండి. ఆ తీగ ఎంత మింగుతున్నదో సూటిగా తెలుస్తుంది. ఋణ ధ్రువాలకూ అట్లే చేయండి. తిరుగుదారిని జనం మరచిపోతారు. కొందరు బండ్లను కలిపే కొక్కెం ఇనుమునే తీగగా నమ్ముకుంటారు. దానిమీది గ్రీజు, తుప్పు సంగతి ఆలోచించరు. 0.1 ఓము నిరోధమున్న పిన్నులో 10 ఆంపియర్లకు 10 వాట్ల వేడి పుడుతుంది. ప్లగ్గు కరిగిపోయేది అందుకే.

తీగను 10 చదరపు మిల్లీమీటర్లదిగా మార్చితే పై పతనం 1.4 నుండి 0.35 వోల్టుకు తగ్గుతుంది. లేదా ట్రెయిలరు బ్యాటరీ పక్కనే, తక్కువ వోల్టేజిని తీసుకొని 14.4కి పెంచే ఛార్జరును అమర్చుతారు. అయితే అది తీగనుండి మరింత ప్రవాహం లాగుతుంది. మరీ సన్నని తీగ దానికీ పనికిరాదు.

రైల్వేవారి తోవ వేరు. కొత్త తరహా రైళ్ళలో విద్యుత్తు ఇంజను నుండే వస్తున్నది. కాని 750 వోల్టుల మీద. వోల్టేజి హెచ్చినకొద్దీ అదే సామర్థ్యానికి ప్రవాహం తగ్గుతుంది. ప్రతి బోగీలోనూ దానిని దించి, 110 వోల్టుల బ్యాటరీని నింపుకుంటారు.

తరగతిలో దీనిని చూపడానికి రెండు టార్చి ఘటాలు, 2.5 వోల్టుల పాతరకం తీగబల్బు, 36 గేజి ఎనామెలు రాగితీగ 10 మీటర్లు చాలు. తీగను పోను 5, రాను 5 మీటర్లుగా పరచి, కొసలలో ఎనామెలు గీకి కలపండి. బల్బు తీసి కొలిస్తే 3 వోల్టులు. బల్బు పెట్టి కొలిస్తే దాదాపు సగం. అసలు బ్యాటరీ దగ్గర పనిచేసేటప్పుడు మాత్రం బీడీ, అగ్గిపుల్ల దరికి రానీయకండి. ఛార్జి అయ్యే సీసపు బ్యాటరీ నుండి ఉదజని వెలువడుతుంది.