వెనక గదిలో వైఫై ఎందుకు నీరసిస్తుంది?

హాల్లో చకచకా నడిచిన వీడియో వెనక గదిలోకి వెళ్లగానే గిర్రున తిరుగుతూ ఆగిపోతుంది. ఎందుకు?

రౌటర్ పంపేవి కంటికి కనిపించని రేడియో తరంగాలు. వంటింట్లో అమ్మ పెట్టిన పోపు ఘాటులాగే దూరం పోయేకొద్దీ పలచబడతాయి. ఇటుక గోడ వాటిని కొంత మింగేస్తుంది, కాంక్రీటు ఇంకా ఎక్కువ. ఇనుప బీరువా అయితే వెనక్కే తిప్పికొడుతుంది! అందుకే రౌటర్‌ను టీవీ వెనక దాచకూడదు. వైరు అందినంత మేర ఇంటి మధ్యకు జరిపి, ఎత్తులో పెట్టాలి.

చాలా రౌటర్లు రెండు రకాల తరంగాలు పంపుతాయి. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలు దాటే సత్తా తక్కువ. 2.4 నెమ్మదే కానీ దూరం పోతుంది. వెనక గదిలో ఫోన్‌ను దానికి కలిపి చూడండి.

అప్పటికీ అందకపోతే, సిగ్నల్ అందుకుని ముందుకు పంపే రెండో పెట్టె కొనాలి. దాన్ని సిగ్నల్ లేని గదిలో కాదు, సగం దారిలో పెట్టించండి.