పెట్రోలు పంపు: మార్చుటకు ముందు, మార్చునప్పుడు

వేసవి మధ్యాహ్నము. విజయవాడ నుండి హైదరాబాదు పోవు దారిలో ఒక పాత ప్రీమియర్ పద్మిని కారు టీ దుకాణము ఎదుట పావుగంట ఆగినది. తిరిగి బయలుదేరబోగా ఇంజను నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయినది. బ్యాటరీ బాగున్నది, ట్యాంకులో పెట్రోలు సగము వరకు ఉన్నది. డ్రైవరు బానెట్టు ఎత్తి, ఇంజను ప్రక్కన బిగించియున్న ఒక చిన్న లోహపు డబ్బాపై తడిగుడ్డ కప్పి కొంతసేపు కూర్చున్నాడు. ఆ పిమ్మట కారు ఏమియు జరుగనట్లు కదలినది. ఆ డబ్బాయే పెట్రోలు పంపు. ఊరు చేరగానే యజమాని క్రొత్త పంపు కొని వేయించినాడు. మరునాటి మధ్యాహ్నము కారు మరల అట్లే ఆగినది.

క్రొత్త పంపు చెడ్డది కాదు. పాతదియు చెడ్డది కాదు. పంపు ఏమి చేయునో, ఏమి చేయలేదో తెలియకపోవుటయే అసలు చిక్కు. పాత కారులో పంపు మార్చుట ఇంటివద్ద చేసికొనదగిన పనియే. రెండు గొట్టములు, రెండు నట్లు విప్పినచో అది ఊడి వచ్చును. కాని విప్పుటకు ముందు కొంత ఆలోచన, విప్పునప్పుడు మిక్కిలి జాగ్రత్త కావలెను.

గాలి నెట్టును, పంపు చోటిచ్చును

పద్మిని కారు ఇటలీ దేశపు ఫియట్ 1100 నుండి వచ్చినది. 1964లో ఫియట్ 1100 డిలైట్ అను పేరుతో బొంబాయిలో తయారగుట ప్రారంభమై, 1970ల నడుమ పద్మిని అను పేరు పొంది, 2000వ సంవత్సరము ప్రాంతమున ఆగిపోయినది. బొంబాయి నగరపు పద్మిని టాక్సీలు 2023లో సెలవు తీసికొన్నవి. అయినను ఈ కార్లను మక్కువతో కాపాడుకొనువారు ఇంకను ఉన్నారు. ఇందులో పెట్రోలు ట్యాంకు వెనుక భాగమున, ఇంజను ముందు భాగమున ఉండును. కార్బ్యురేటరు ఇంజను పైభాగమున ఉండును. పెట్రోలు తనంతట తాను పైకి పారదు గనుక పంపు అవసరమైనది.

పంపు లోపల రబ్బరు పూత గల గుడ్డతో చేసిన పలుచని పొర బిగించి ఉండును. దీనిని డయాఫ్రము అందురు. ఇంజనులోని క్యామ్ షాఫ్టుపై ఒక ప్రక్కకు ఉబ్బిన చక్రము కలదు. అది తిరిగినప్పుడెల్ల పంపు మీటను కదల్చగా, మీట డయాఫ్రమును క్రిందికి తీయును. దానిపైనున్న గది పెద్దదై, అందలి పీడనము తగ్గును. ట్యాంకులోని పెట్రోలుపై వాతావరణ పీడనము మాత్రము తగ్గలేదు. ఆ పీడనమే పెట్రోలును గొట్టము వెంట ముందుకు నెట్టి, ప్రవేశ కవాటమును తెరచి, గదిని నింపును. మీట వదలగానే క్రిందనున్న స్ప్రింగు డయాఫ్రమును పైకి త్రోయును. అప్పుడు ప్రవేశ కవాటము మూసికొనును. నిర్గమ కవాటము తెరచుకొనును. పెట్రోలు కార్బ్యురేటరునకు పోవును.

లోతు తక్కువగా ఉన్న నీటిని తోడు చేతి పంపు పనిచేయు విధమును ఇదియే. పంపు ద్రవమును లాగుచున్నదని మనకు తోచును. నిజమునకు అది చోటు మాత్రమే ఇచ్చును, నెట్టునది గాలి. కొబ్బరి బోండమునకు సరిగ్గా గొట్టము పట్టునంత రంధ్రమే చేసి, గొట్టము చుట్టు ఏమాత్రము సందు లేకుండ బిగించి త్రాగిచూడుడు. నాలుగు గ్రుక్కల తరువాత నీరు రాదు. లోపలికి గాలి పోవు దారి లేదు గనుక, నెట్టువారు లేరు. ఈ ప్రయోగము తరగతిలో సులభముగా చూపవచ్చును.

పెట్రోలును ఎంత బలముతో పంపవలెనో నిర్ణయించునది మీట కాదు, స్ప్రింగు. ఆ పీడనము సాధారణముగా చదరపు సెంటీమీటరునకు 0.2 నుండి 0.3 కిలోగ్రాముల వరకు ఉండును. కార్బ్యురేటరులోని గిన్నె నిండగానే అందలి తేలుడు బిళ్ళ పైకి లేచి సూదిని మూయును. అప్పుడు స్ప్రింగు నొక్కుచున్నను పెట్రోలు కదలదు. డయాఫ్రము క్రిందనే నిలిచిపోవును. మీట ఊరక ఊగుచుండును. గిన్నెలో పెట్రోలు తగ్గిన కొలదియే పంపు పనిచేయును. స్ప్రింగును సాగదీసి బలము పెంచినచో సూది ఆ ఒత్తిడికి ఆగలేక పెట్రోలు పొంగి పొరలును.

ఒక్క చుక్క లెక్క

లీటరునకు 12 కిలోమీటర్లు నడచు కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. గంటకు 5 లీటర్లు, అనగా నిమిషమునకు సుమారు 83 ఘన సెంటీమీటర్ల పెట్రోలు కావలెను. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో క్యామ్ షాఫ్టు అందులో సగము, అనగా 1500 చుట్లు తిరుగును. 83ను 1500చే భాగించినచో ఒక్కొక్క పోటునకు 0.055 ఘన సెంటీమీటరు వచ్చును. ఇది ఇంచుమించు ఒక్క చుక్క! ఇంత స్వల్పమైన పనిలో వెంట్రుకవాసి పగులు కూడ పెద్ద దోషమగును. ట్యాంకు నుండి పంపు వరకు గల గొట్టములో సన్నని చీలిక ఉన్నచో పెట్రోలు బయటికి కారకపోవచ్చును. గాలియే లోపలికి చొరబడును. పెట్రోలుకంటె గాలి తేలికగా వచ్చును గనుక పంపు గాలినే మ్రింగుచుండును.

వేడి చేయు మోసము

పెట్రోలు ఒకే పదార్థము కాదు, అనేక ద్రవముల మిశ్రమము. అందులో తేలికపాటివి 40 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపులనే మరుగ మొదలిడును. ఇంజను ఆగినంతనే గాలి విసరు రెక్కలు ఆగును. కాని లోహములోని వేడి చుట్టునున్న భాగములకు ప్రాకును. పంపులోను, దానికి వచ్చు గొట్టములోను పెట్రోలు బాష్పమగును. డయాఫ్రము క్రిందికి పోయినప్పుడు ఆ బాష్పము వ్యాకోచించి గదిని నింపును. పీడనము తగినంత తగ్గదు. పెట్రోలు ముందుకు రాదు. దీనిని బాష్పబంధము అనవచ్చును. తడిగుడ్డ వైద్యము ఇందులకే. గుడ్డలోని నీరు ఆవిరియగుచు పంపునుండి వేడిని తీసికొనిపోవును. మట్టికుండలో నీరు చల్లబడుటకును ఇదియే కారణము.

విప్పుటకు ముందు

పై విషయములు తెలిసినవాడు పంపును వెంటనే నిందింపడు. మొదట ట్యాంకు మూత వదులు చేసి చూడవలెను. కారు అప్పుడు సరిగా నడచినచో మూతలోని గాలిరంధ్రము పూడిపోయినదని అర్థము. తరువాత వడపోత డబ్బా, రబ్బరు గొట్టములు, క్లిప్పులు పరీక్షింపవలెను. ఇవి అన్నియు బాగున్న పిమ్మటనే పంపు వంతు.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, నిప్పురవ్వ పుట్టకుండ ఇగ్నిషను కాయిలునకు విద్యుత్తు తెచ్చు సన్నని తీగను తీసివేయవలెను. కార్బ్యురేటరు వద్ద గొట్టమును విప్పి, దాని కొనను ఒక రేకు డబ్బాలో ఉంచి, ఒకరు స్టార్టరు త్రిప్పవలెను. పెట్రోలు పోటుపోటునకు చిమ్మినచో పంపు బాగున్నది. రాకున్న యెడల, లేదా పంపు అడుగున రంధ్రము నుండి కారుచున్న యెడల డయాఫ్రము గాని కవాటములు గాని చెడినవి.

పాత రబ్బరు చెడుటకు వయస్సే కాక మరియొక కారణమును కలదు. భారతదేశమున పెట్రోలులో కలుపు ఇథనాలు పాలు 2025 నాటికి 20 శాతమునకు చేరినది. పూర్వపు రబ్బరులలో కొన్ని ఇథనాలునకు ఓర్వజాలవు. ఉబ్బుట, పెళుసగుట జరుగును. కనుక క్రొత్త పంపు, గొట్టములు ఇథనాలునకు తట్టుకొనునవియై ఉండవలెను.

నిప్పుతో పరిహాసము లేదు

పెట్రోలు సున్నకు 40 డిగ్రీలు తక్కువ చలిలో సైతము అంటుకొనదగిన బాష్పమును ఇచ్చును. ఆ బాష్పము గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. పైకి పోక నేలవెంట ప్రాకును. పది అడుగుల దూరమున పొయ్యి ఉన్నను ప్రమాదమే. అందుచే మూసిన గదిలో ఈ పని చేయరాదు. బీడీ, అగ్గిపెట్టె, సెల్ ఫోను, విద్యుద్దీపము దగ్గర ఉండరాదు. బ్యాటరీ ఎర్తు తీగను ముందే విప్పి ఉంచవలెను. ఎండు ఇసుక, పొడి చల్లు అగ్నిమాపకము చేతికి అందునట్లు ఉండవలెను. మండుచున్న పెట్రోలుపై నీరు పోసినచో అది నీటిపై తేలి మంటను వ్యాపింపజేయును. గొట్టమును నోటితో పీల్చుట ఎన్నడును కూడదు. పెట్రోలు ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణమునకే ముప్పు.

మార్చు పద్ధతి

ముందుగా ట్యాంకు వైపు గొట్టమును విప్పి, దాని కొనను శుభ్రమైన బోల్టుతో మూయవలెను. లేనిచో ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పెట్రోలు దానంతట అదే కారవచ్చును. లోహపు గొట్టపు నట్టును విప్పునప్పుడు ఒక పానాతో పంపు వైపు పట్టుకొని, రెండవ పానాతో నట్టును త్రిప్పవలెను. ఒక్కదానితో త్రిప్పినచో గొట్టము మెలి తిరుగును. తరువాత పంపును బిగించిన రెండు నట్లను ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా వదులు చేయవలెను.

పంపునకు, ఇంజనునకు నడుమ వేడి సోకనీయని దిమ్మె, కాగితపు ప్యాకింగులు ఉండును. వీని మందము తోచినట్లు మార్చరాదు. మందము తగ్గినచో మీటపై ఒత్తిడి ఎక్కువగును. పెరిగినచో డయాఫ్రము పోటు తగ్గును. పాత ప్యాకింగు ముక్కలు ఇంజనులో పడకుండ గీకివేయవలెను.

క్రొత్త పంపు మీట పొడవు, వంపు పాతదానితో సరిపోవలెను. మీట కొనకు కొంచెము నూనె రాసి, దాని స్థానమున నిలిపి, నట్లను మొదట చేతితోనే పట్టించవలెను. పంపు గట్టిగా ఎదురు తన్నుచున్నచో ఇంజనును కొద్దిగా త్రిప్పి, చక్రపు ఉబ్బు ప్రక్కకు పోయిన తరువాత బిగింపవలెను. బలవంతము చేసినచో మీట విరుగును. ట్యాంకు నుండి వచ్చు గొట్టము ప్రవేశద్వారమునకే పోవునట్లు బాణపు గుర్తు చూచుకొనవలెను.

బ్యాటరీ కలిపిన తరువాత ఇంజను అంటుకొనుటకు కొన్ని క్షణములు పట్టును. ఖాళీ పంపు నిండవలెను గదా. ఇంజను నడచుచుండగా ప్రతి కూడలిని పొడి కాగితముతో తాకి తడి లేదని నిశ్చయించుకొనవలెను. పిమ్మట ఇంజను నూనె కొలపుల్లను తీసి వాసన చూడవలెను. పాత డయాఫ్రము చినిగినప్పుడు పెట్రోలు నూనెలో కలిసియుండవచ్చును. నూనె మట్టము పెరిగినను, పెట్రోలు వాసన వచ్చినను నూనె మార్చక కారు నడుపరాదు. పలుచబడిన నూనె బేరింగులను కాపాడజాలదు. పంపు ఖర్చుతో పోవలసినది ఇంజను ఖర్చుగా మారును.

ఇప్పటి కార్లలో విద్యుత్తు పంపు ట్యాంకులోనే ఉండి, పది రెట్లకు పైబడిన పీడనముతో పెట్రోలును పంపును. ఈ పద్ధతి వానికి వర్తింపదు.

ఇక మొదటి కారు సంగతి. రెండవసారి ఆగినప్పుడు ఒక వృద్ధ మెకానిక్కు పంపును ముట్టలేదు. కారు క్రిందికి వంగి గొట్టము వెంట చూచినాడు. గొట్టమును పట్టియుంచు క్లిప్పు ఒకటి ఊడి, గొట్టము పొగ గొట్టమునకు దగ్గరగా జారియున్నది. పెట్రోలు పంపును చేరక మునుపే మరుగుచున్నది. ఒక్క క్లిప్పుతో పని ముగిసినది.