అరకు ఘాట్ రోడ్డు: దిగేటప్పుడే ఉంది అసలు సంగతి

సెలవులకు అరకు వెళ్ళేవాళ్ళు చాలామంది రైలే ఎక్కుతారు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టడం సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ కొండల్ని తీరిగ్గా, ఆగి ఆగి చూడాలంటే రోడ్డు మీదే వెళ్ళాలి. విశాఖపట్నం నుంచి సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట వరకు మామూలు రోడ్డే. అది దాటాక కాసేపటికి ఘాటీ మొదలవుతుంది.

మలుపులు తిరిగి పైకి వెళ్ళేకొద్దీ చెవులు దిబ్బళ్ళు వేస్తాయి, గాలి చల్లబడుతుంది. టైడా, డముకు దాటి అనంతగిరి చేరేసరికి కాఫీ తోటలు కనిపిస్తాయి. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల తీగలు. మనం చారులో దంచి వేసుకునే మిరియాలు పచ్చగా గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో! గాలికొండ దగ్గర తప్పకుండా ఆగండి. నవంబరు, డిసెంబరు నెలల్లో అయితే పైన లోయలో వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు ఉంటాయి.

ఇక డ్రైవింగు సంగతి. ఇది మగవాళ్ళ విషయమని పేజీ తిప్పేయకండి. ఇప్పుడు మనలోనూ కారు నడిపేవాళ్ళు బోలెడుమంది. నడపకపోయినా, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి కళ్ళూ ముక్కూ ఉన్నాయి కదా!

ఎక్కేటప్పుడు అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకునే నడుపుతారు. తిరుగు ప్రయాణంలోనే అలసట, ఇంటికి చేరాలన్న తొందర. పల్లంలో కారు దానంతటదే పరుగెడుతుంది కాబట్టి కాలు బ్రేకు మీదే ఉండిపోతుంది. అలా ఆపకుండా తొక్కితే బ్రేకులు కాలిపోయేంత వేడెక్కి, పట్టు తగ్గిపోతుంది. అసలు అవసరమైన మలుపులో పనిచేయవు. అందుకే ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలంటారు పెద్ద డ్రైవర్లు. రెండో గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో వదిలేసే మహానుభావులు కొందరున్నారు. మీ ఇంట్లో అలాంటివారుంటే మొహమాటపడకుండా గట్టిగా చెప్పండి. మాడు వాసన వస్తే వెంటనే వెడల్పుగా ఉన్నచోట ఆపించి, బాగా చల్లారేదాకా ఆగండి. చక్రాల మీద నీళ్ళు పోయకూడదు.

ఇరుకు చోట ఎదురుపడితే, ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఇది మర్యాదే కాదు, నిబంధన కూడా. మలుపుల్లో హారన్ కొట్టండి, ఓవర్‌టేక్ వద్దు. పొగమంచులో లైట్లు వేసినా డిమ్‌లోనే ఉంచాలి. ఎక్కువ కాంతి మంచు మీద పడి తిరిగి మన కళ్ళలోనే కొడుతుంది. భారీ వర్షాలప్పుడు కొండచరియలు జారే భయముంది, ఆ రోజుల్లో ప్రయాణం మానుకోవడమే నయం.

వాంతుల బాధ ఉన్న పిల్లలకి ఘాటీకి ముందు పూరీలు, బజ్జీలు పెట్టకండి. రెండు ఇడ్లీలు చాలు. ఫోను చూడనివ్వకుండా దూరంగా కనిపించే కొండల్ని చూడమనండి. కిటికీ కాస్త దించి, బుగ్గన చిన్న అల్లం మురబ్బా ముక్క పెడితే హాయిగా ఉంటుంది. పాలిథిన్ సంచులు మాత్రం చేతికందేచోట ఉంచుకోండి.

చలికాలంలో ఐదున్నరకే చీకటి పడుతుంది. బొంగులో చికెన్ తిన్నా, కాఫీ పొడి కొనుక్కున్నా, మూడింటికల్లా బయల్దేరితే వెలుతురుండగానే కోట చేరిపోవచ్చు.